ట్రక్కు లైన్ మీంచి గట్టిగా లేవాలంటే టార్క్ కన్వర్టర్ ఎలా ఎంచుకోవాలి

ముందు ఒక మాట. టార్క్ కన్వర్టర్ అంటే ఆటోమేటిక్ బండిలో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య నూనెతో బలాన్ని అందించే భాగం, స్టాల్ అంటే బండిని కదలకుండా పట్టి పూర్తిగా తొక్కితే అది ఇంజన్‌ని ఎక్కనిచ్చే ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు). డబ్బా మీద 3000 స్టాల్ అని రాసుంది కదా అని ఆ కన్వర్టర్ మీ ట్రక్కులో కూడా 3000 ఇస్తుందనుకుంటే పప్పులో కాలేసినట్టే. నేను అలాగే వేశాను. సెకండ్ హ్యాండ్‌లో ఒకటి చవగ్గా దొరికిందని తెచ్చి, గేర్‌బాక్స్ దింపి ఎక్కించడానికి శనాదివారాలు రెండూ తగలేసి, ఒళ్ళంతా నూనె పూసుకుని, తీరా ట్రాక్ మీదకి తీసుకెళ్తే అది 2600 దగ్గరే పట్టేసుకుంది. అమ్మినాయన అబద్ధమేం చెప్పలేదు, ఆయన ఇంజన్‌లో అది నిజంగానే 3000. ఎందుకలా అయిందో కిందకొచ్చాక లెక్క చూపిస్తా, మీరు మాత్రం కార్డు గీకే ముందే ఆ లెక్క వేసుకోండి.

ఇది అమెరికాలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న పికప్ ట్రక్కుల గురించి. డాలస్ చుట్టుపక్కల మన తెలుగోళ్ళ ఇళ్ళ ముందు టెస్లాలతో పాటు ట్రక్కులు కూడా బాగానే కనిపిస్తున్నాయి ఈమధ్య, వాటిలో కొంతమందికి ఎన్నిస్‌లో ఉన్న టెక్సస్ మోటర్‌ప్లెక్స్ డ్రాగ్ ట్రాక్‌కి (లైన్ మీద నిలబడ్డ చోటు నుంచి తిన్నగా పరిగెత్తే పందెం అది) వెళ్ళి ఒకసారి తొక్కి చూడాలని దురద కూడా ఉంటుంది. ఉదాహరణకి నాకు బాగా తెలిసిన బండే తీసుకుంటా: 2004 సిల్వరాడో 1500, రెగ్యులర్ క్యాబ్, షార్ట్ బెడ్, 5.3 లీటర్ వీ8, 4ఎల్60ఇ గేర్‌బాక్స్, వెనక ఆక్సిల్‌లో గేరు నిష్పత్తి 3.73. కంపెనీ లెక్కన 295 హార్స్‌పవర్, 335 పౌండ్-ఫీట్ టార్క్, ఆ టార్క్ కూడా 4000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. ఫోర్డో రామో మీది ఏదైనా పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మీవి వేసుకోండి.

అసలు ఇది ఏం చేస్తుందో నాలుగు ముక్కల్లో చెప్తా. ఇంజన్‌తో పాటు తిరిగే పంపు లోపలున్న నూనెని టర్బైన్ మీదకి విసురుతుంది, టర్బైన్ గేర్‌బాక్స్ షాఫ్ట్‌ని తిప్పుతుంది, మధ్యలో ఉండే స్టేటర్ టర్బైన్ నుంచి తిరిగొచ్చే నూనెని దారి మళ్ళించి మళ్ళీ పంపుకి సాయంగా పంపిస్తుంది, అందుకే బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ ఇచ్చే టార్క్ దాదాపు రెండింతలై గేర్‌బాక్స్‌కి చేరుతుంది. బురదలో దిగిన ఎడ్లబండిని చూసే ఉంటారు, కదిలేదాకా పదిమంది చక్రాలకి భుజాలు ఆనించి తొయ్యాలి, ఒక్కసారి కదిలిందంటే ఎడ్లే లాక్కుపోతాయి. ఆ పదిమంది చేసే పనే స్టేటర్ చేసేది, బండి వేగం అందుకున్నాక దాని అవసరం తీరిపోతుంది.

టర్బైన్ కదలకుండా పట్టుకుని ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తే ఇంజన్ ఎంత ఆర్‌పీఎం దాకా ఎక్కి ఆగిపోతుందో అదే స్టాల్. ఫ్యాక్టరీ ట్రక్కులో ఇది తక్కువగా, సుమారు 1600-1800 దగ్గర పెడతారు, ట్రైలర్ లాగాలి, మైలేజీ రావాలి, నూనె వేడెక్కకూడదు కాబట్టి. కానీ 5.3 ఇంజన్‌కి 1700 దగ్గర ఊపిరే ఉండదు, అందుకే పచ్చలైటు పడి మీరు ఎంత తొక్కినా బండి ఒక్క క్షణం ఆలోచించుకుని, అప్పుడు బద్ధకంగా లేస్తుంది. అదే ఇంజన్‌ని 3000 దాకా ఎగరనిచ్చి అక్కడ పట్టుకుంటే కథ వేరుగా ఉంటుంది.

సరే, పనిలోకి దిగుదాం.

మొదటి పని కాగితం తీసుకుని మీ బండి వివరాలు రాయడం, అది కూడా ఊహించి కాదు, చూసి. సిల్వరాడో గ్లవ్‌బాక్స్‌లో ఒక స్టిక్కర్ ఉంటుంది, నిండా మూడక్షరాల కోడ్‌లు. జీయూ6 ఉంటే వెనక గేరు 3.42, జీటీ4 అయితే 3.73, జీటీ5 అయితే 4.10. ఎం30 అంటే 4ఎల్60ఇ గేర్‌బాక్స్, ఎంటీ1 అంటే 4ఎల్80ఇ. జీ80 ఉంటే వెనక లాకింగ్ డిఫరెన్షియల్ ఉన్నట్టు, అది లేకపోతే ఒక్క చక్రమే గిర్రున తిరిగి పొగ పెడుతుంది, అప్పుడు ముందు దాని సంగతి చూస్కోవాలి, కన్వర్టర్ తర్వాత. బరువు కోసం హైవే మీద ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (బండ్లు తూచే కాటా) ఎక్కించండి, మీరు కూర్చుని, సగం ట్యాంకు పెట్రోలుతో. టైరు ఎత్తు టేపు పెట్టి కొలవండి, నాది 30.5 అంగుళాలు. ఇంజన్‌లో క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) మార్చారా, హెడర్లు (పొగ బయటికి పోయే పైపులు) వేశారా, టర్బో పెట్టే ఆలోచన ఉందా, అన్నీ రాయండి.

రెండోది, ఈ బండితో నిజంగా ఏం చేస్తారో మీకు మీరు ఒప్పుకోవడం. ఇక్కడ అందరూ గొప్పలకి పోతారు. వారానికి ఐదు రోజులు ఆఫీసుకి, నెలకోసారి ట్రాక్‌కి వెళ్ళే బండికి 4000 స్టాల్ పెట్టుకుంటే ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజన్ అరుస్తూ ఉంటుంది, బండి మాత్రం తీరిగ్గా వస్తుంది. బోటో ట్రైలరో లాగే అలవాటుంటే 2400-2600 దగ్గరే ఆగిపోండి. ఇంజన్ స్టాక్‌గా, అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండి, లాగే పని లేకపోతే 2800-3200 హాయిగా సరిపోతుంది. ఓ మాదిరి క్యామ్ వేస్తే 3200-3600. అంతకు పైన అంటే అది ట్రాక్ బండే, ఇంట్లోవాళ్ళు ఎక్కడానికి ఇష్టపడరు, నాకు తెలుసు.

ఇక్కడ చాలామందికి ఉండే భయం ఒకటి తీర్చేయాలి. 3000 స్టాల్ అంటే 3000 దాకా బండి కదలదని కాదు. మెల్లగా తొక్కితే మెల్లగానే కదులుతుంది, పార్కింగ్‌లో బ్రేకు వదిలితే పాక్కుంటూ వెళ్తుంది, కాకపోతే స్టాక్ దాని కన్నా కొంచెం వదులుగా, కొంచెం జారుతున్నట్టు అనిపిస్తుంది. 3000 అనేది పూర్తిగా తొక్కినప్పటి మాట.

మూడో పని ఇంజన్ బలం ఎక్కడుందో, గేర్లు ఎక్కడ దెబ్బకొడుతున్నాయో చూడటం, ఇది కొంచెం ఓపిగ్గా చదవండి. 4ఎల్60ఇ లో మొదటి గేరు 3.06, రెండోది 1.63, ఈ రెండింటి మధ్య పెద్ద గొయ్యి ఉంది. 5800 దగ్గర రెండో గేరు పడిందనుకోండి, జారుడు లేదనుకుంటే ఇంజన్ 5800 × 1.63 ÷ 3.06 అంటే దాదాపు 3090కి పడిపోతుంది. మీ టార్క్ 4000 దగ్గర కదా, మరి గేరు మారిన ప్రతిసారీ ఇంజన్ ఆ గొయ్యిలో దిగి మళ్ళీ ఎక్కి రావాలి. స్టాల్ ఎక్కువున్న కన్వర్టర్ అయితే గేరు మారగానే కొంచెం జారి ఇంజన్‌ని అంత కిందకి పడనివ్వదు, బలం ఉన్న చోటే ఉంచుతుంది. అంటే కన్వర్టర్ లాభం మొదటి 60 అడుగుల్లోనే అయిపోదు, గేరు మారే చోట కూడా ఉంది, ఈ గేర్‌బాక్స్‌లో మరీను. 4ఎల్80ఇ లో మొదటి గేరు 2.48 మాత్రమే, అక్కడ లైన్ మీద లేవడానికే కన్వర్టర్ సాయం ఎక్కువ కావాలి. కొత్త ఫోర్డ్ ఎఫ్-150ల్లో వచ్చే పది గేర్ల 10ఆర్80 లో మొదటి గేరే 4.7, రామ్‌లో ఎనిమిది గేర్ల దాంట్లో కూడా 4.7, వాటిలో గేర్లే సగం పని చేసేస్తాయి కాబట్టి పాత నాలుగు గేర్ల బండిలో వచ్చినంత తేడా ఆశించకండి, ముందు టైర్ల మీద, ట్యూన్ (బండి కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) మీద డబ్బు పెట్టండి.

నాలుగోది నేను దెబ్బతిన్న లెక్క. స్టాల్ అనేది కన్వర్టర్ ఒక్కదానికే సొంతమైన అంకె కాదండీ, ఇంజన్ ఎంత టార్క్‌తో నెడుతుందో దాని స్క్వేర్ రూట్‌ని బట్టి మారుతుంది. నేను కొన్న కన్వర్టర్ 450 పౌండ్-ఫీట్ ఇంజన్ వెనక 3000 ఇచ్చింది. నా ఇంజన్ 335. 335ని 450తో భాగించి స్క్వేర్ రూట్ తీస్తే 0.86, దాన్ని 3000తో గుణిస్తే సుమారు 2590. నా బండిలో కనిపించిందీ అంతే కదా. అదే తిరగేసి చూడండి, స్టాక్ ఇంజన్‌కి సరిగ్గా 3000 ఇచ్చేది తీసుకుని తర్వాత టర్బో పెట్టి 500 పౌండ్-ఫీట్ తెప్పించారనుకోండి, అది 3660 దాకా ఎగురుతుంది. అందుకే అమ్మేవాణ్ణి ఎంత స్టాల్ అని మాత్రమే అడిగితే చాలదు, ఏ ఇంజన్ వెనక, ఎంత టార్క్ మీద, ఎలా కొలిచిన స్టాల్ అని అడగాలి. బ్రేకు తొక్కి పట్టి కొలిచినది ఒకటి, ట్రాన్స్‌బ్రేక్ (గేర్‌బాక్స్‌నే లోపల బిగించి బండిని ఆపి ఉంచేది) మీద కొలిచినది ఒకటి, ఉత్తినే ఐడిల్ నుంచి ఒక్కసారిగా తొక్కితే ముల్లు ఎగిరి ఆగే ఫ్లాష్ స్టాల్ ఇంకొకటి. ఈ మూడూ ఒకటి కావు. ట్రక్కులో బ్రేకు పట్టి చూద్దామంటే చాలాసార్లు స్టాల్ అందేలోపే వెనక చక్రాలు బ్రేకుల్ని తన్నుకుని తిరిగేస్తాయి, కాబట్టి మనకి పనికొచ్చేది ఫ్లాష్ స్టాలే.

బరువు కూడా ఇందులో వేలు పెడుతుంది. ఒకే కన్వర్టర్, ఒకే ఇంజన్, తేలిక కారులో కన్నా బరువు ట్రక్కులో కొంచెం ఎక్కువ ఫ్లాష్ అవుతుంది, ఎందుకంటే బండి కదలడానికి మొరాయిస్తుంది కాబట్టి ఇంజన్‌కి ఎగరడానికి టైం దొరుకుతుంది.

ఐదోది ఎస్‌టీఆర్, స్టాల్ టార్క్ రేషియో. అంటే నిలబడి ఉన్నప్పుడు టార్క్ ఎన్ని రెట్లవుతుంది అని, మామూలుగా 1.8 నుంచి 2.5 మధ్య ఉంటుంది. స్టాల్ గురించి అందరూ అడుగుతారు, దీని గురించి ఎవరూ అడగరు. బరువైన ట్రక్కు, ఇంజన్ అంతంతమాత్రం అంటే ఎస్‌టీఆర్ ఎక్కువున్నది తీసుకోండి, మొదటి పది అడుగుల్లో తన్ని లేపుతుంది. అదే టర్బో వేసి బలం దండిగా ఉండి, టైర్లు మామూలువైతే ఎస్‌టీఆర్ తక్కువున్నదే మేలు, లేకపోతే లైన్ మీదే చక్రాలు తిరిగి పొగ తప్ప ఏమీ రాదు. ట్రక్కు వెనక భాగం ఖాళీ డబ్బా అని మర్చిపోకండి, బరువంతా ముందే ఉంటుంది. పైగా లీఫ్ స్ప్రింగులు, గట్టిగా తొక్కితే ఆక్సిల్ మెలితిరిగి గంతులేస్తుంది. కన్వర్టర్ బడ్జెట్‌లోంచే పట్టు ఎక్కువుండే ఒక జత డ్రాగ్ రేడియల్ టైర్లకి, ఆక్సిల్ మెలితిరగకుండా పట్టే ట్రాక్షన్ బార్లకి కొంచెం పక్కన పెట్టండి.

సైజు గురించి ఎక్కువ తల పగలగొట్టుకోవక్కర్లేదు. స్టాక్‌ది 300 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 12 అంగుళాలు. 3000 పైన కావాలంటే సాధారణంగా 9.5-10 అంగుళాలది ఇస్తారు. స్టాక్ డబ్బానే కోసి లోపల రెక్కలు వంచి స్టాల్ పెంచినవి చవగ్గా దొరుకుతాయి, వాటిలో జారుడు ఎక్కువ, స్పీడ్ అందుకున్నాక కూడా జారుతూనే ఉంటాయి. పిండిమర బెల్టు వదులైతే చూడండి, మోటారు తిరుగుతూనే ఉంటుంది, రాయి మాత్రం నింపాదిగా తిరుగుతుంది, కాసేపటికి కమురు వాసన. అదే జరుగుతుంది.

లాకప్ క్లచ్ (వేగం అందుకున్నాక ఇంజన్‌నీ టర్బైన్‌నీ కలిపి బిగించి జారుడు ఆపేది) ఉన్నదే తీసుకోండి, రోడ్డు మీద తిప్పే బండికి అది లేకుండా వద్దు. నా బండిలో గంటకి 65 మైళ్ళ మీద నాలుగో గేరులో లాక్ అయితే ఇంజన్ 1870 దగ్గర తిరుగుతుంది, లాక్ అవ్వకపోతే ఆ జారుడంతా వేడిగా మారి నూనెలోకి పోతుంది. రేసులో ఫుల్‌గా తొక్కి ఉన్నప్పుడు కూడా లాక్ చెయ్యాలనుకుంటే మాత్రం ఒంటి క్లచ్ నిలవదు, మల్టీ డిస్క్ కావాలని ముందే చెప్పండి. స్టాక్ బండికి ఆ ఖర్చు దండగ.

డీజిల్ వాళ్ళకి ఇక్కడే ఒక మాట. పైన చెప్పిన 3000లు మీకు కాదు. 5.9 కమ్మిన్స్‌కి టార్క్ 1600 ఆర్‌పీఎం దగ్గరే ఉంటుంది, ఇంజన్ మొత్తం తిరిగేదే 3000 పైచిలుకు, కాబట్టి స్టాల్ 1800-2200 అంటేనే పెద్దది, టర్బో ఎంత పెద్దదైతే అంత పైకి వెళ్ళాలి. అక్కడ అసలు సమస్య బలం: ఆ టార్క్‌కి స్టాక్ కన్వర్టర్ ముందు మూత ఉబ్బిపోయి లాకప్ క్లచ్ జారిపోతుంది, అందుకే డీజిల్ వాళ్ళు బిల్లెట్ (గట్టి లోహపు దిమ్మ నుంచి చెక్కిన) మూత, ట్రిపుల్ డిస్క్ క్లచ్ ఉన్నవి వేయిస్తారు. గోరెండ్, సన్‌కోస్ట్ లాంటి కంపెనీల పేర్లు ఆ లోకంలో ఎక్కువ వినిపిస్తాయి.

ఇప్పుడు ఫోన్ చెయ్యండి. వెబ్‌సైట్‌లో డ్రాప్‌డౌన్ నొక్కి కొనెయ్యకండి, కన్వర్టర్ కట్టే షాపుకి ఫోన్ చేసి మొదట రాసుకున్న కాగితం మొత్తం చదవండి: బరువు, వెనక గేరు, టైరు, గేర్‌బాక్స్ కోడ్, ఇంజన్, ఏ ఆర్‌పీఎం దగ్గర షిఫ్ట్ చేస్తారు, ట్రాక్ మీద ఇప్పుడు ఎంత టైం వస్తోంది. మంచి షాపువాడు మిమ్మల్నే పది ప్రశ్నలు అడుగుతాడు. ఏమీ అడక్కుండా "3200 ఇచ్చేస్తా, కార్డ్ నంబర్ చెప్పు" అంటే మర్యాదగా ఫోన్ పెట్టేయండి. మొదటిసారి స్టాల్ సరిగ్గా కుదరకపోతే విప్పి మార్చి ఇస్తారా, దానికి ఎంత తీసుకుంటారు, షిప్పింగ్ ఎవరిది, ఇవి కూడా అప్పుడే అడగాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

కన్వర్టర్ వచ్చే లోపు కూలర్ తెచ్చుకోండి. రేడియేటర్‌లో ఉండే చిన్న కూలర్ చాలదు, ముందు ప్లేట్ టైపు కూలర్ ఒకటి పెద్దదే పెట్టండి, నూనె వేడి మామూలు నడకలో 200 ఫారన్‌హీట్ దాటకుండా చూస్కోండి, గేజ్ లేకపోతే బండి కంప్యూటర్‌కి తగిలించే ఓబీడీ రీడర్‌తో ఫోన్‌లో చూడొచ్చు. ఇంకోటి, 4ఎల్60ఇ అంత గట్టి గేర్‌బాక్స్ కాదు. దాని సన్ షెల్ (లోపలి గేర్లని తిప్పే డ్రమ్ము లాంటి ముక్క) విరగడం, 3-4 క్లచ్ కాలిపోవడం జగమెరిగిన రోగాలు. మైళ్ళు బాగా తిరిగి, నూనె నల్లగా మాడిన వాసనొస్తుంటే అందులోకి కొత్త కన్వర్టర్ వెయ్యడం కొత్త పంచె కట్టుకుని బురదలో కూర్చోవడమే, ఆ ముక్కలన్నీ కన్వర్టర్‌లోకే పోతాయి. ముందు గేర్‌బాక్స్ బాగుచేయించండి.

బిగించేటప్పుడు మీరే చేస్తుంటే ఒక్క విషయం నిద్రలో కూడా మర్చిపోకూడదు. కన్వర్టర్‌లో ఓ లీటరు నూనె పోసి, గేర్‌బాక్స్ షాఫ్ట్ మీదకి తోసి, తిప్పుతూ నొక్కుతుంటే టక్, టక్, టక్ అని అంచెలంచెలుగా లోపలికి దిగాలి, చివరి టక్ పంపు గేరులో కూర్చున్నప్పుడు వస్తుంది. గేర్‌బాక్స్‌ని ఇంజన్‌కి బోల్టులతో బిగించాక కన్వర్టర్‌కీ ఫ్లెక్స్‌ప్లేట్‌కీ (ఇంజన్ వెనక ఉండే పళ్ళెం) మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, చేత్తో తిప్పితే తిరగాలి. ఖాళీ లేకుండా బిగుసుకుపోయి ఉంటే ఆపెయ్యండి, బోల్టులతో లాగి దగ్గరికి తెచ్చారంటే స్టార్ట్ చెయ్యగానే పంపు పగులుతుంది. గేర్‌బాక్స్, అందులో నూనె, కన్వర్టర్ అన్నీ కలిపి 150 పౌండ్లు దాటుతుంది, ట్రాన్స్‌మిషన్ జాక్ అద్దెకి తెచ్చుకోండి, బావమరిది ఛాతీ మీద పెట్టకండి. పాత కూలర్ పైపుల్ని కడిగాకే కొత్త నూనె పొయ్యండి.

ట్యూన్ చేయించకపోతే సగం డబ్బు వృథా. హెచ్‌పీ ట్యూనర్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో లాకప్ ఎప్పుడు పడాలి, ఎప్పుడు వదలాలి, షిఫ్ట్ ఎక్కడ అవ్వాలి అని కొత్తగా పెట్టాలి, లేకపోతే కంప్యూటర్ ఇంకా పాత బిగువు కన్వర్టరే ఉందనుకుని మీరు సగం తొక్కగానే లాక్ చేసేస్తుంది.

ఇక ట్రాక్ మీద. పావు మైలుకి 13.99 సెకన్లు లేదా అంతకన్నా తక్కువ టైం వచ్చే బండికి ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికాలో డ్రాగ్ రేసుల సంస్థ) రూల్ ప్రకారం హెల్మెట్ కావాలి, స్టాక్ సిల్వరాడో అంత వేగంగా రాదు గానీ ఒకటి పట్టుకెళ్ళండి. మొదటి రన్‌లో హీరోయిజం వద్దు: లైన్ మీద నిలబడి, బ్రేకు మీద ఇంజన్‌ని 1500 దాకా మాత్రం లేపి, మూడో పసుపు లైటు పడగానే బ్రేకు వదిలి పూర్తిగా తొక్కండి. చక్రాలు తిరిగిపోతే తర్వాతిసారి ఐడిల్ నుంచే తొక్కండి, పట్టు బాగుంటే ఒక్కో రెండొందలు పెంచుకుంటూ పోండి. బ్రేకు పట్టి ఉంచి గట్టిగా తొక్కడం మూడు నాలుగు సెకన్లకి మించి చెయ్యొద్దు, ఆ కాసేపట్లో ఇంజన్ బలమంతా నూనెని కాచడానికే పోతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ వాళ్ళు 4-హై లో పెట్టి లేపితే చక్రాలు తిరగవు నిజమే, కానీ తిరిగి తప్పించుకునే దారి లేదు కాబట్టి దెబ్బంతా గేర్‌బాక్స్ మీద పడుతుంది.

రన్ అయ్యాక ట్రాక్ వాళ్ళిచ్చే టైం స్లిప్‌లో మొట్టమొదట 60 అడుగుల టైం చూడండి, అక్కడ పదో వంతు తగ్గితే చివర్లో దానికి ఒకటిన్నర రెట్ల పైనే తగ్గుతుందని రేసర్ల లెక్క. తర్వాత జారుడు లెక్క: చివరి గీత దాటేటప్పటి స్పీడుని వెనక గేరుతో, 336తో గుణించి టైరు ఎత్తుతో భాగించండి, ఇది మూడో గేరులో దాటినప్పటి లెక్క. 90 మైళ్ళు అయితే 90 × 3.73 × 336 ÷ 30.5, అంటే సుమారు 3700. లాగ్‌లో (రన్ సాగుతుండగా బండి కంప్యూటర్ నుంచి రికార్డు చేసిన అంకెలు) ఇంజన్ నిజంగా 4000 ఉంటే జారింది 300, అంటే ఏడున్నర శాతం. పది లోపు ఉంటే సంతోషించండి. పదిహేను దాటిందంటే లైన్ మీద బాగా లేచినా పైన కారిపోతోంది, అది మీ ఇంజన్‌కి మరీ వదులు. జారుడు మూడు శాతమే ఉండి, లైన్ మీద ముల్లు అనుకున్న చోటికి ఎగరకుండా కిందే పట్టేసుకుంటే మరీ బిగువు. ఏదైనా సరే మూడు నాలుగు రన్ల లాగ్‌లు, స్లిప్‌లు కలిపి షాపుకి పంపండి, వాళ్ళు విప్పి స్టేటర్ మార్చి మళ్ళీ అతికించి ఇస్తారు. నా సెకండ్ హ్యాండ్ దాన్ని కూడా చివరికి అలాగే కోయించాను, ఇప్పుడది నా ఇంజన్‌లోనే 3100 దగ్గర ఆగుతోంది.